ఒకే సాఫ్ట్‌వేర్ నాలుగు రకాలుగా దొరికితే ఏది తీసుకోవాలి? డెబ్, ఫ్లాట్‌పాక్, స్నాప్, యాప్‌ఇమేజ్ పోలిక

పాలకొల్లులో మా బాబాయ్‌కి జెరాక్స్ షాపు ఉంది. పెళ్లి శుభలేఖలు, జాతర కరపత్రాలు, రొయ్యల మేత డీలర్ల బిల్లు పుస్తకాలు అన్నీ అక్కడే డిజైన్ చేస్తారు. ఈ మధ్య ఆయన పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ వేసిచ్చాను. శుభలేఖలకి ఇంక్‌స్కేప్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ పెట్టుకోమని చెప్పి అమలాపురం వచ్చేశాను. గంటలో ఫోను.

"ఒరేయ్ అబ్బాయ్, ఇంక్‌స్కేప్ రెండు రకాలుగా చూపిస్తోందిరా. ఒకటి సిస్టమ్ ప్యాకేజీ అంట, ఇంకోటి ఫ్లాట్‌పాక్ అంట. రెండోదాని సైజు చూస్తే గుండె గుభేలుమంది. పోనీ వాళ్ల సైటులో చూద్దామంటే అక్కడ స్నాప్ అని, యాప్‌ఇమేజ్ అని ఇంకో రెండు. వీళ్లకి ఒకళ్లంటే ఒకళ్లకి పడదా ఏంటి?"

ఫోన్లో రెండు ముక్కల్లో ఏదో చెప్పాను గానీ నాకే తృప్తి కలగలేదు. భీమవరం, రాజోలు, కాకినాడ ఎక్కడ ఎవరికి లినక్స్ వేసిచ్చినా నాలుగో రోజుకి ఇదే ప్రశ్న వస్తోంది. అందుకే ఈసారి వివరంగా రాస్తున్నాను.

తొందరలో ఉన్నవాళ్లకి నా సలహా ముందే చెప్పేస్తాను. ప్రింటర్, వైఫై, తెలుగు టైపింగ్, ఆఫీసు పనులు, ఇలా కంప్యూటర్‌కి పునాది అయినవన్నీ మీ డిస్ట్రో (మీరు వేసుకున్న లినక్స్ రకం) సొంత ప్యాకేజీల్లోంచే తీసుకోండి. అంటే మింట్, ఉబుంటు, డెబియన్‌లలో డెబ్. ఫెడోరా, ఓపెన్‌సూసేలలో ఆర్‌పీఎం. కొత్త వెర్షన్ లేకపోతే పని జరగదు అనుకునే రెండు మూడు యాప్‌లు మాత్రం ఫ్లాట్‌హబ్ అనే ఆన్‌లైన్ యాప్ దుకాణం నుంచి ఫ్లాట్‌పాక్‌గా పెట్టుకోండి. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని తిరగాల్సినవి యాప్‌ఇమేజ్. ఇప్పటికే ఉబుంటులో ఉన్నవాళ్లు స్నాప్‌తో యుద్ధం పెట్టుకోనక్కర్లేదు, అదుపులో పెట్టుకుంటే చాలు. ఒకే సాఫ్ట్‌వేర్‌ని రెండు దారుల్లో మాత్రం ఎక్కించొద్దు.

ఇక ఎందుకో చెబుతాను.

ఎగువ, దిగువ

కాలువల సంగతి మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తూర్పు డెల్టా, మధ్య డెల్టా, పశ్చిమ డెల్టా అని మూడు వైపులకి నీళ్లు మళ్లాయి. ఎవరి లాకులు వారివి, ఎవరి తూములు వారివి, ఎవరి వంతుల తగాదాలు వారివి. ఎగువన ఉన్న గోదావరి మాత్రం అందరిదీ.

ఓపెన్ సోర్స్‌లోనూ అసలు ప్రోగ్రాం రాసేవాళ్లని అప్‌స్ట్రీమ్ అంటారు, అంటే ఎగువే. వాళ్లు రాసినదాన్ని తీసుకుని, తమ సిస్టమ్‌కి సరిపడేలా కట్టి, పరీక్షించి, అప్‌డేట్లు ఇచ్చే బాధ్యత తీసుకునేవాళ్లు దిగువ. ఇంక్‌స్కేప్ రాసేవాళ్లకి డెబియన్ దిగువ. డెబియన్‌కి ఉబుంటు దిగువ. ఉబుంటుకి మింట్ దిగువ. బాబాయ్ ల్యాప్‌టాప్ శివారు పొలం. ఎగువన ఒక లోపం సరిదిద్దితే ఆ దిద్దుబాటు ఇన్ని తూములు దాటి శివారుకి చేరాలి. ప్యాకేజీ పద్ధతి ఎంచుకోవడమంటే ఏ కాలువ కింద ఉండాలో ఎంచుకోవడమే. రంగు, రూపం, పేరు తర్వాతి సంగతి. నీళ్లు ఎంత తొందరగా వస్తాయి, గండి పడితే ఎవరు పూడుస్తారు, ఈ రెండే అడగాలి.

మరి బాబాయ్ అడిగిన "పడదా" అన్న ప్రశ్న? పోటీ నిజంగానే ఉంది. 1993లో ఇయాన్ మర్డాక్ డెబియన్ మొదలుపెట్టాడు, దానికి డెబ్ వచ్చింది. ఇప్పుడు ఫెడోరా వెనకున్న రెడ్ హ్యాట్ కంపెనీ వాళ్లు ఆర్‌పీఎం తెచ్చారు. అప్పటి నుంచి ఒకే వస్తువుకి రెండు పేర్లు. మన తెలుగు ఫాంటే చూడండి. లోహిత్ తెలుగు ఫాంటు డెబియన్‌లో "ఫాంట్స్ లోహిత్ తెలు" అన్న పేరుతో ఉంటుంది, ఫెడోరాలో "లోహిత్ తెలుగు ఫాంట్స్" అని ఉంటుంది. లోపలి అక్షరాలు ఒకటే. వెబ్ సర్వర్ అపాచీ ఒకచోట అపాచీ2, ఇంకోచోట హెచ్‌టీటీపీడీ. కొత్తగా నేర్చుకునే పిల్లలు ఇక్కడే తికమక పడతారు.

ఈ రెంటినీ బలవంతంగా ఒకటి చేయాలని ఒకప్పుడు ప్రయత్నం జరిగింది. లినక్స్ స్టాండర్డ్ బేస్ అనే ప్రమాణం మొదటి వెర్షన్ 2001లో వచ్చింది. ప్యాకేజీ రూపం ఆర్‌పీఎం అయి ఉండాలని ఆ ప్రమాణంలో రాశారు. డెబియన్ వాళ్లు ఏలియన్ అనే పనిముట్టుతో ఆర్‌పీఎంని డెబ్‌గా మార్చుకుని ఆ షరతుని గట్టెక్కారు. చివరికి 2015లో ఆ ప్రమాణాన్ని దాదాపుగా వదిలేశారు. మూడు డెల్టాల కాలువల్నీ తవ్వి ఒకే కాలువ చేస్తామంటే ఏ రైతు ఒప్పుకుంటాడు?

ఫలించిన సహకారమంతా కింది పొరల్లో, మనకి కనపడని చోట జరిగింది. ఏ ప్యాకేజీకి ఏది తోడు కావాలో లెక్కగట్టే లిబ్‌సాల్వ్ అనే లైబ్రరీని (వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్ మూట) ఓపెన్‌సూసే వెనకున్న సూసే కంపెనీ వాళ్లు రాశారు. దాన్నే ఫెడోరా, ప్యాకేజీలు వేసే తన డీఎన్‌ఎఫ్ అనే పనిముట్టులో పెట్టుకుంది. 2015లో ఫెడోరా 22తో డీఎన్‌ఎఫ్ అక్కడ ముఖ్య పనిముట్టు అయింది. రెండూ మార్కెట్లో ఎదురెదురు నిలబడే కంపెనీల నీడలో ఉన్న డిస్ట్రోలే. అయినా లెక్కలు గట్టే మెదడు ఒకటే.

2011 జనవరిలో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో డెబియన్, ఉబుంటు, ఫెడోరా, ఓపెన్‌సూసే, మాండ్రివా, మాజియా వాళ్లు ఒకచోట కూర్చున్నారు. యాప్ పేరు, వివరణ, బొమ్మలు, ఏ భాషలో ఎలా చూపించాలి అనేదాన్నంతా అందరికీ పనికొచ్చేలా ఒకే పద్ధతిలో రాసుకుందామన్నారు. అదే యాప్‌స్ట్రీమ్. ఇది మనకి ఎంత ఉపకారమో చూడండి. ఒక యాప్ వివరణని ఎగువన ఒక్కసారి తెలుగులోకి చేస్తే ఆ తెలుగు డెబియన్ వాడే విద్యార్థికీ అందుతుంది, ఫెడోరా వాడే మాస్టారికీ అందుతుంది, ఫ్లాట్‌హబ్‌లోనూ కనిపిస్తుంది. తెలుగు అనువాదానికి ఖాళీ సమయం ఇవ్వగలిగినవాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. దిగువన పది చోట్ల చేసే పని ఎగువన ఒక్కచోట చేస్తే సరిపోతుంది.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది: రీప్రొడ్యూసిబుల్ బిల్డ్స్. ఒకే సోర్సు కోడ్‌ని ఎవరు ఎక్కడ కట్టినా చివరికి ఒక్క బిట్ తేడా లేకుండా అదే ఫైలు రావాలి. చెప్పడానికి తేలిక. చేయబోతే, కట్టిన తేదీ, గంట, నిమిషం ఫైల్లోకి దూరిపోయి సోమవారం కట్టింది మంగళవారం కట్టినదానితో సరిపోదు. 2013లో డెబియన్‌లో ఈ పని ఊపందుకుంది. 2015 డిసెంబరులో ఏథెన్స్‌లో ఫెడోరా, ఆర్చ్, గ్విక్స్ లాంటి పోటీ డిస్ట్రోల వాళ్లూ వచ్చి కలిశారు. తేదీని బయట నుంచి ఒకే విలువగా ఇచ్చే పద్ధతి ఒకటి కుదుర్చుకుని, కోడ్‌ని ప్రోగ్రాంగా మార్చే కంపైలర్ల దాకా తీసుకెళ్లారు. మధ్యలో ఎవరైనా విషం కలిపితే పట్టుకోవడానికి ఇది దారి.

అలా విషం కలపడం నిజంగానే జరిగింది. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, రిమోట్ లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వుకుంటూ పోయి ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ ప్యాకేజీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి ఉందని బయటపెట్టాడు. ఆ దొంగ కోడ్, తనని డెబ్‌గానో ఆర్‌పీఎంగానో కడుతున్నారా అని చూసుకుని మరీ పని మొదలుపెడుతుంది. పోటీదారులిద్దరి మీదా ఒకేసారి గురి పెట్టారన్నమాట. డెబియన్, రెడ్ హ్యాట్, సూసే వాళ్లు వెంటవెంటనే ఒకరికొకరు సమాచారం ఇచ్చుకుని ఆ వెర్షన్లని వెనక్కి లాగేశారు. డెబియన్ స్థిర వెర్షన్ వాడుతున్నవాళ్లకి ఆ విషం చేరనే లేదు. ఇలాంటి లోపాలు బయటికి చెప్పే ముందు డిస్ట్రోల భద్రతా బృందాలు రహస్యంగా పంచుకుని, గరిష్ఠంగా 14 రోజుల్లో కలిసి మందు తయారు చేసుకునే ఏర్పాటు కూడా చాలా ఏళ్లుగా ఉంది.

బాబాయ్‌కి ఇదే చెప్పాను. "పడకపోవడం పైపైనే బాబాయ్. కింద అందరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకునే ఉన్నారు. నువ్వు ఏది తీసుకున్నా తప్పు ఊళ్లోకి పోవు." ఆయన "ఆయ్, మరి డేటా సంగతి?" అన్నాడు. అసలు పోలిక అక్కడ మొదలవుతుంది.

డెబ్, ఆర్‌పీఎం: పునాదికి

డిస్ట్రో ప్యాకేజీల గొప్పతనం పంచుకోవడంలో ఉంది. పది ప్రోగ్రాములకి ఒకే లైబ్రరీ కావాలంటే అది డిస్కులో ఒక్కసారే ఉంటుంది. అందుకే డౌన్‌లోడ్ చిన్నది, మెమరీ భారం తక్కువ. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్, రోజుకి ఒకటిన్నర జీబీ ఫోన్ డేటా ఉన్న ఇంటికి ఇంతకు మించిన దారి లేదు. ఒక లైబ్రరీలో లోపం దొరికితే ఒక్క అప్‌డేట్‌తో పది ప్రోగ్రాములూ బాగవుతాయి.

పాత వెర్షన్ రావడమే దీని లోటు. మింట్ 22కి ఆధారమైన ఉబుంటు 24.04లో ఇంక్‌స్కేప్ 1.2 వరసది ఉంటుంది. ఇంక్‌స్కేప్ 1.4 వచ్చింది 2024 అక్టోబరులో. ఆ కొత్త వెర్షన్ మీకు డిస్ట్రో సొంత డెబ్ దారిలో కావాలంటే తర్వాతి డిస్ట్రో దాకా ఆగాలి. అయితే పాతది అంటే పాచిపోయినది కాదు. వెర్షన్ నంబరు కదలకపోయినా భద్రతా దిద్దుబాట్లు వెనక్కి తెచ్చి కలుపుతారు. ఎక్స్‌జెడ్ అప్పుడు స్థిర వెర్షన్ వాళ్లని కాపాడింది ఈ నిదానమే.

ఉబుంటులో ఒక మెలిక ఉంది. యూనివర్స్ అనే విభాగంలో ఉండే ప్యాకేజీల భద్రత ప్రధానంగా స్వచ్ఛంద సేవకుల చేతుల్లో ఉంటుంది. ఉబుంటు ప్రో తీసుకుంటే అవీ పరిధిలోకి వస్తాయి, సొంత వాడకానికి 5 కంప్యూటర్ల దాకా ఉచితం. ఉబుంటు వాడేవాళ్లు తప్పకుండా తీసుకోండి.

బాగా పాత 32 బిట్ కంప్యూటర్లు ఇంకా కొన్ని బడుల్లో చూస్తున్నాను. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో వాటికి ఇన్‌స్టాలర్ గానీ, సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ గానీ లేవు. వాటిమీద డెబియన్ 12 వేసుకోండి, దీర్ఘకాల మద్దతు 2028 జూన్ దాకా ఉంది. ఆ లోపు కంప్యూటర్ మార్చే ఆలోచన చేసుకోవచ్చు.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. కిందటి వానాకాలం రాజోలులో ఒక ట్యూషన్ సెంటర్లో అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోయింది. యూపీఎస్ లేదు. తిరిగి ఆన్ చేస్తే డెస్క్‌టాప్ రాలేదు, నల్లతెర మీద లాగిన్ అడుగుతోంది. అక్కడి మేడం బిక్కమొహం వేశారు, మర్నాడే పిల్లలకి పరీక్ష. లాగిన్ అయ్యి, మధ్యలో ఆగిన ప్యాకేజీలన్నిటినీ కాన్ఫిగర్ చేయమని డీపీకేజీకి ఒక్క ఆదేశం ఇచ్చాను. డీపీకేజీ అంటే డెబ్ ప్యాకేజీలని విప్పి సర్దే అసలు పనిముట్టు. వరసగా పేర్లు పరుగెత్తాయి, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి అందుకుంది. పది నిమిషాల్లో మామూలైంది. డెబ్‌తో ఈ చిక్కు ఉంది, దానికి విరుగుడూ ఉంది. ఫ్లాట్‌పాక్, స్నాప్‌లలో ఈ భయం తక్కువ. కొత్తది పూర్తిగా దిగి సిద్ధమయ్యేదాకా పాతదాన్ని కదపవు. తుఫాను హెచ్చరిక ఉన్న రోజున మాత్రం ఏ పద్ధతిలోనైనా సరే, అప్‌డేట్ మొదలుపెట్టకండి.

ఫ్లాట్‌పాక్: కొత్త యాప్‌లకి

ఎక్స్‌డీజీ యాప్ అని అలెగ్జాండర్ లార్సన్ మొదలుపెట్టినదానికి 2016 మేలో ఫ్లాట్‌పాక్ అని పేరు మారింది. ఏ డిస్ట్రో అయినా ఒకటే ఫైలు. యాప్ తనకి కావలసిన లైబ్రరీలని రన్‌టైమ్ అనే మూట నుంచి తీసుకుంటుంది. బాబాయ్ గుండె గుభేలుమన్నది ఈ మూట సైజు చూసే. మొదటి యాప్‌తో పాటు రన్‌టైమ్ వందల ఎంబీలు దిగుతుంది. అదే రన్‌టైమ్ వాడే రెండో యాప్, మూడో యాప్ చాలా తక్కువలో వస్తాయి. అప్‌డేట్లలో కూడా మారిన ఫైళ్లే దిగుతాయి. కాబట్టి ఒక్క యాప్ కోసం ఫ్లాట్‌పాక్ పెట్టుకోవడం దండగ, మూడు నాలుగు ఉంటే గిట్టుబాటు. పాత రన్‌టైమ్‌లు వాడకం లేకుండా మిగిలిపోతుంటాయి. వాడనివి తీసేయమని అప్పుడప్పుడూ ఆదేశం ఇస్తే డిస్కు ఖాళీ అవుతుంది.

పోటీదారుల సహకారానికి దీనికంటే మంచి ఉదాహరణ నాకు కనపడలేదు. లినక్స్ డెస్క్‌టాప్‌లో కేడీఈ 1996 నుంచి, గ్నోమ్ 1997 నుంచి పోటీదారులు. ఫ్లాట్‌పాక్‌లో ఈ ఇద్దరి రన్‌టైమ్‌లూ ఫ్రీడెస్క్‌టాప్ ఎస్‌డీకే అనే ఒకే పునాది మీద కడతారు. యాప్‌కి బయటి ఫైలు కావాలంటే మనల్ని అడిగి మనం చూపించినదే ఇచ్చే పోర్టల్ అనే ఏర్పాటునైతే స్నాప్ కూడా వాడుకుంటోంది.

శుభలేఖల వాళ్లకి అసలు ప్రశ్న తెలుగు. ఫ్లాట్‌పాక్ యాప్ పెట్టెలో ఉన్నట్టు నడిచినా మన సిస్టమ్‌లో పెట్టుకున్న ఫాంట్లని చూడగలదు. బాబాయ్ దగ్గర పోతన ఫాంటులో "చి. ల. సౌ. లక్ష్మి" అని కొట్టి డెబ్ ఇంక్‌స్కేప్‌లో, ఫ్లాట్‌పాక్ ఇంక్‌స్కేప్‌లో పక్కపక్కన పెట్టి చూశాను. క కింద ష వత్తు, దాని కింద మ వత్తు, గుడి, అన్నీ రెండింట్లోనూ సరిగ్గా కూర్చున్నాయి. ఎందుకంటే అక్షరాలని పేర్చే హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ రెండింట్లోనూ ఉన్నదే. గ్నోమ్, ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రేఆఫీస్ అన్నీ అదే వాడతాయి. కొత్త ఫాంటు వేశాక యాప్ మూసి తెరవడం మర్చిపోకండి. ఒక హెచ్చరిక: షాపులో పాత ఫైళ్లన్నీ అనూ ఫాంట్లలో ఉంటే ఈ నాలుగు పద్ధతుల్లో ఏదీ ఆదుకోదు. అవి యూనికోడ్ కావు, వాటి పనిముట్లు విండోస్‌కి చేసినవి. అలాంటివాళ్లు ఒక విండోస్ కంప్యూటర్ ఉంచుకోవాలి.

ఎవరు కట్టిన ఫ్లాట్‌పాక్ అన్నది కూడా చూసుకోవాలి. ఫెడోరా తన సొంత ఫ్లాట్‌పాక్‌లని వేరే చోట ఉంచుతుంది. వీడియోలు తీసే ఓబీఎస్ స్టూడియో విషయంలో ఆ ప్యాకేజీ సరిగ్గా పనిచేయక, వాడేవాళ్లు ఫిర్యాదులన్నీ అసలు రచయితల దగ్గరికి తెచ్చారు. 2025 ఫిబ్రవరిలో చట్టపరమైన చర్య దాకా మాట వెళ్లింది. తర్వాత రెండు వైపులా కూర్చుని మాట్లాడుకున్నారు, ఫెడోరా తన ప్యాకేజీని ఆపేసింది. ఫెడోరా వాడేవాళ్లు సాఫ్ట్‌వేర్ స్టోరులో ఇన్‌స్టాల్ నొక్కే ముందు మూలం దగ్గర ఫ్లాట్‌హబ్ ఉందా, ఫెడోరా ఉందా అని చూడండి. ఫ్లాట్‌హబ్‌లోనూ పేరు పక్కన ధ్రువీకరణ గుర్తు ఉంటే అది అసలు రచయితల అనుమతితో వచ్చినట్టు.

ఇంకో లాభం విద్యార్థులకి. అడ్మిన్ పాస్‌వర్డ్ లేని ల్యాబ్ కంప్యూటర్‌లో కూడా, ఫ్లాట్‌పాక్ ముందే ఉంటే, తమ ఖాతా వరకు యాప్ వేసుకోవచ్చు.

స్నాప్: ఉబుంటులో ఉంటే

స్నాప్ ఉబుంటు తయారీదారు కానానికల్‌ది. 2016లో ఉబుంటు 16.04తో జనంలోకి వచ్చింది. యాప్‌లే కాదు, సర్వర్ ప్రోగ్రాములు కూడా ఇందులో తేలిగ్గా పెట్టుకోవచ్చు, ఆ విషయంలో ఫ్లాట్‌పాక్ దీనికి సాటిరాదు. నాకు నచ్చనిది ఒకటే. దుకాణం ఒక్కటే, దాని సర్వర్ కోడ్ మూసి ఉంది. తూము తాళం ఒకే చేతిలో ఉన్న కాలువ. అందుకే మింట్ 2020లో వచ్చిన 20వ వెర్షన్ నుంచి స్నాప్‌ని మామూలుగా రానివ్వదు, కావాలంటే మనమే ఆ అడ్డు తీసుకోవచ్చు. ఉబుంటు 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గానే వస్తోంది. డెబ్ కావాలనేవాళ్ల కోసం 2024 జనవరిలో ఫైర్‌ఫాక్స్ తయారీదారు మొజిల్లా తానే డెబ్ రిపోజిటరీ (ప్యాకేజీల గోదాము) తెరిచింది. అది డెబియన్, ఉబుంటు, మింట్ అన్నిటికీ పనికొస్తుంది.

స్నాప్ రోజుకి నాలుగు సార్లు అప్‌డేట్లు చూసుకుంటుంది, దొరికితే అడగకుండా దించుకుంటుంది. ఫైబర్ ఉన్న ఇంట్లో ఇది వరం. ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికే లంక గ్రామాల్లో మధ్యాహ్నానికే డేటా అయిపోతుంది. దీనికి ఉపాయం: ముందు వైఫై సెట్టింగుల్లో మీ ఫోన్ కనెక్షన్‌ని మీటర్డ్, అంటే డేటా లెక్కగా ఉన్నది, అని గుర్తుపెట్టండి. తర్వాత మీటర్డ్ కనెక్షన్ మీద ఉన్నప్పుడు రిఫ్రెష్ (అప్‌డేట్) ఆపి ఉంచమని స్నాప్‌కి ఒక సెట్టింగ్ ఇవ్వండి. కొత్త వెర్షన్లలో అన్ని అప్‌డేట్లనీ మనం విడిపించేదాకా హోల్డ్‌లో పెట్టే సదుపాయం కూడా ఉంది.

జెరాక్స్ షాపులకి ఇంకో చిక్కు. కస్టమర్ పెన్‌డ్రైవ్ తెస్తాడు, స్నాప్ యాప్‌లో ఫైలు తెరవబోతే అనుమతి లేదంటుంది. పెన్‌డ్రైవ్ పాడైందనుకుని వెనక్కి పంపేసినవాళ్లని నేను చూశాను. పాడవలేదు. చాలా స్నాప్‌లకి తొలగించగల డిస్కులు చూసే అనుమతి మొదట ఉండదు. ఉబుంటు సెట్టింగుల్లో యాప్స్ విభాగానికి వెళ్లి ఆ యాప్ పేరు నొక్కి ఆ అనుమతి ఆన్ చేస్తే సరి.

2018 మేలో స్నాప్ దుకాణంలో ఒక ఆట యాప్‌లో రహస్యంగా క్రిప్టో నాణేలు తవ్వే కోడ్ దొరికింది. ఏ దుకాణమైనా ప్రచురించినవాళ్ల పేరు చూడకుండా నొక్కకండి.

యాప్‌ఇమేజ్, ఆ పక్కవి

సైమన్ పీటర్ 2004లో క్లిక్ అనే పేరుతో మొదలుపెట్టిన ఆలోచనే ఇప్పటి యాప్‌ఇమేజ్. ఒక యాప్, ఒక ఫైలు. దించుకుని, ఫైలు గుణాల్లో ప్రోగ్రాంగా నడపడానికి అనుమతి ఇచ్చి, రెండు నొక్కులు నొక్కితే తెరుచుకుంటుంది. సిస్టమ్‌లో దేన్నీ కదపదు. నచ్చకపోతే ఫైలు చెరిపేయడమే. నెట్ లేని చోటికి తీసుకెళ్లడానికి దీనికి సాటి లేదు. తెరుచుకోకపోతే చాలాసార్లు కారణం ఫ్యూజ్ రెండో వెర్షన్ లైబ్రరీ లేకపోవడం, ఉబుంటు 22.04 నుంచి అది ముందుగా ఉండదు, వేసుకోవాలి. దీనికి కాపలాదారు ఎవరూ లేరన్నది మర్చిపోవద్దు. అప్‌డేట్ మీరే చూసుకోవాలి, ఫైలు అసలు రచయితల సైటు నుంచే దించాలి. బ్యాంకు పనులు చేసే బ్రౌజర్‌ని ఇలా వాడకండి.

నిక్స్ అనే ఇంకో ప్యాకేజీ పద్ధతి గురించి కాకినాడ ఇంజినీరింగ్ పిల్లలు అడుగుతుంటారు. ఈల్కో డోల్స్ట్రా 2003లో మొదలుపెట్టాడు. ఒకే లైబ్రరీ నాలుగు వెర్షన్లు గొడవపడకుండా పక్కపక్కన ఉంటాయి. 2012లో వచ్చిన గ్విక్స్ దీనికి పోటీ, అయినా ప్యాకేజీలు కట్టే భాగాన్ని నిక్స్ నుంచే తీసుకుంది. ప్రాజెక్టు చేసే విద్యార్థి ఒక సెలవుల్లో కూర్చుని నేర్చుకోవలసినదే. షాపుకి, ఇంటికి వద్దు. ఆ విద్యార్థులకే డిస్ట్రోబాక్స్ అనే పనిముట్టు కూడా చెబుతాను. మింట్‌లో ఉంటూనే ఫెడోరా ఆర్‌పీఎంలు ఒక కంటెయినర్‌లో (విడిగా ఉండే పెట్టె లాంటిది) నడుపుకోవచ్చు.

మ్యాక్ ఉన్నవాళ్లకి హోమ్‌బ్రూ అనే ప్యాకేజీ పనిముట్టు చాలు. అక్కడా పాత పోటీదారుల్లో ఒకటైన ఫింక్, డెబియన్ డీపీకేజీనీ, ప్యాకేజీలు దించే యాప్ట్‌నీ మ్యాక్ మీదకి తెచ్చుకుని నిలబడింది.

పది కంప్యూటర్లు, ఒక కనెక్షన్

ట్యూషన్ సెంటర్లు, కాలేజీ ల్యాబులు నడిపేవాళ్లు ఇక్కడ కాసేపు ఆగండి. ఎండాకాలం కాలువలు కట్టేసేముందు మనం మంచినీళ్ల చెరువు నింపుకుంటాం కదా, ఇక్కడా అదే పని. యాప్ట్ క్యాషర్ ఎన్‌జీ అనే ప్యాకేజీని ఒక కంప్యూటర్‌లో వేసి, మిగతా తొమ్మిదింటినీ దాన్ని అడగమని చెప్పండి. మొదటి కంప్యూటర్ కోసం దిగిన డెబ్ ఫైలు చెరువులో ఉండిపోతుంది, మిగతావి అక్కణ్ణుంచే తోడుకుంటాయి. బయటి డేటా ఒక్కసారే ఖర్చు. ఫ్లాట్‌పాక్‌కి యాప్‌నీ రన్‌టైమ్‌నీ కలిపి పెన్‌డ్రైవ్ మీదకి రాసిచ్చే ఆదేశం దానిలోనే ఉంది. స్నాప్‌కి కూడా డౌన్‌లోడ్ ఆదేశం ఇస్తే రెండు ఫైళ్లు వస్తాయి, ఒకటి యాప్, రెండోది దాని ధ్రువపత్రం. నెట్ లేని కంప్యూటర్‌కి ముందు ధ్రువపత్రం చూపించి తర్వాత యాప్ వేయాలి.

బాబాయ్ విషయానికొస్తే, మొదట డెబ్ ఇంక్‌స్కేప్‌తోనే పెట్టాను. రెండు నెలలకి విజయవాడ డిజైనర్ ఒకాయన కొత్త వెర్షన్‌లో చేసిన ఫైలు పంపితే తేడాగా తెరుచుకుంది. అప్పటికి బాబాయ్ కృతా, జింప్ అనే బొమ్మల యాప్‌లు కూడా ఫ్లాట్‌హబ్ నుంచి అడుగుతున్నాడు. రన్‌టైమ్ భారం పంచుకోవడానికి యాప్‌లు తోడయ్యాయి కాబట్టి, డెబ్ ఇంక్‌స్కేప్ తీసేసి ఫ్లాట్‌పాక్ వేశాం. తెరిచి చూస్తే ఆయన దాచుకున్న శుభలేఖల టెంప్లేట్లు, రంగుల పలకలు ఏవీ లేవు.

"పోయాయేంట్రా అన్నీ? మాఘమాసం ముహూర్తాలు దగ్గరికొచ్చేశాయి!"

పోలేదు. డెబ్ ఇంక్‌స్కేప్ తన సెట్టింగులని హోమ్ ఫోల్డర్లో దాగి ఉండే కాన్ఫిగ్ ఫోల్డర్లో పెడుతుంది. ఫ్లాట్‌పాక్ ఇంక్‌స్కేప్ అదే హోమ్‌లో దాగి ఉన్న వార్ అనే ఫోల్డర్లో, యాప్ లోపల, తన పేరు మీద ఇంకో కాన్ఫిగ్ పెట్టుకుంటుంది. కంట్రోల్ హెచ్ నొక్కి దాగిన ఫోల్డర్లు చూపించాను. పాతదాంట్లోని టెంప్లేట్స్, ప్యాలెట్స్ ఫోల్డర్లు కాపీ చేసి కొత్తదాంట్లో వేశాను. ఇంక్‌స్కేప్ మూసి తెరిచాక గణపతి బొమ్మ ఉన్న పసుపు అంచు శుభలేఖ వరసలో మొదటిదిగా కనిపించింది. బాబాయ్ అప్పుడే కౌంటర్ దగ్గరున్న వాళ్లని పెళ్లికూతురి ఇంటిపేరు అడగడం మొదలుపెట్టాడు.